గోళ్ళరంగు చుక్క

ఆ శుక్రవారం సౌదీలోని ఆ ఇంట్లో అబ్దుల్ ఘనీ సారు, ఆయన భార్య మేరాజ్ బేగం, మొదటిసారి ఖురాను పూర్తిగా చదివి ముగించిన వాళ్ళ పాప షబ్నమ్ ఉన్నారు. ఆ సంతోషానికి పెట్టిన దావతుకు వచ్చిన ఎదురింటి రిజ్వానా, వంటకు సాయంగా పక్క వీధి సౌదీవాళ్ళ ఇంటి నుంచి వచ్చిన చెంచులక్ష్మి కూడా ఉన్నారు. మేడమీది గదిలో ఉండే డ్రైవర్ పీరయ్య కూతురు నస్రీన్ వంటింట్లో కింద కూర్చుని ఉంది. పీరయ్యనూ పిలిచారు గానీ అతను ఇంట్లోకి రాలేదు. కాగితం పళ్ళెంలో బిర్యానీ పెట్టిస్తే మెట్ల మీదే కూర్చున్నాడు.

నస్రీన్ పొద్దున్నుంచీ వెల్లుల్లి ఒలుస్తోంది. కుడిచేతి బొటనవేలి గోరు కింద మంటగా ఉంది. ఒలిచిన రెబ్బల్ని చెంచులక్ష్మి గిన్నెలో వేసుకుపోతోంది. దావతుకని గోడలన్నిటికీ కొత్తగా రంగు వేయించారు. ఆ రంగు వాసన, మసాలా వాసన కలిసిపోయాయి. రిజ్వానా తన ఇంటి నుంచి పెద్ద ఓవెన్ మోయించుకొచ్చింది. వంటింట్లో మిక్సీ ఉండే చోట దాన్ని పెట్టారు. మిక్సీ హాల్లోకి వచ్చింది. కంప్యూటర్ బల్ల పక్కనే పీట వేసుకుని పుదీనా చట్నీ తిప్పారు.

నస్రీన్‌కు ఆ బల్ల బాగా తెలుసు. మధ్యాహ్నం మూడింటికి అక్కడ కూర్చుని ఓపెన్ స్కూల్ ఇంటర్ క్లాసు వింటుంది. క్లాసుకు ముందు మేరాజ్ బేగంకు కూరగాయలు తరిగిపెట్టి, క్లాసయ్యాక షబ్నమ్‌చేత ఎక్కాలు అప్పజెప్పించుకుంటుంది. నాయన ఫోను నాయనతో పాటే ఖర్జూరాల లారీలో తిరుగుతుంది. అమ్మ, అమ్మమ్మకు బాగాలేదని ఊరికి పోయింది. ఆ కంప్యూటర్ లేకపోతే ఈ ఏడాది చదువు లేదు.

తిండ్లయ్యాక అబ్దుల్ ఘనీ సారు కుర్చీ లాక్కుని కూర్చున్నారు. పాపకు కొత్త బట్టలేశారు, హైదరాబాదులో నాయనమ్మ పెద్ద తెర మీద చూడాలని కాచుకుని ఉంది. ఆయన కంప్యూటర్ బటన్ నొక్కారు. పెట్టెలో ఫ్యాను గిర్రుమంది. పచ్చ దీపం వెలిగింది. ఎవరో మాట్లాడబోయి ఊరుకున్నట్టు ఫ్యాను ఆగిపోయింది, దీపం ఆరిపోయింది. తెర మాత్రం వెలిగి, సిగ్నల్ లేదని చూపించింది. మళ్ళీ నొక్కారు. మళ్ళీ అంతే.

"నిన్న ఎవరు ముట్టిన్రు దీన్ని?" అంది మేరాజ్ బేగం.

"నస్రీన్ అక్క తుడిచింది" అంది షబ్నమ్. చెడ్డగా ఏమీ అనలేదు. చూసింది చెప్పింది.

నిజమే. రంగు గీకినప్పుడు రాలిన పొడి పెట్టె మీద పడితే నస్రీన్ పొడిగుడ్డతో తుడిచింది.

"తడిగుడ్డ పెట్టినవా?"

నస్రీన్ లేదని తల ఊపింది.

"నోరు లేదా? చెప్పు. నీళ్ళు పోయినయా లోపలికి?"

నోరుంది. హాల్లో అందరూ తననే చూస్తున్నారు. నస్రీన్ వేలి గోరు రుద్దుకుంటూ నిలబడింది.

"పల్లెటూరి పిల్లకేం ఎరుక ఆపా" అంది రిజ్వానా నవ్వుతూ. "ఇంట్లో పళ్ళేలు కడిగినట్టు కడిగుంటది."

ఫోన్లో నాయనమ్మ 'ఏమైంది, ఏమైంది' అని అరుస్తోంది. మేరాజ్ బేగం మొహం కందిపోయింది. పాపకు కట్టిన పూలు అప్పటికే వాడిపోతున్నాయి. "నా బిడ్డ ఖుషీ పాడుజేసింది" అందామె, గట్టిగానే.

తలుపు తీసే ఉంది. మెట్ల మీంచి పీరయ్య లేచాడు. లోపల ఆడవాళ్ళున్నారని గోడ వైపు తిరిగి, పక్కకు నిలబడ్డాడు. చేతిలో పళ్ళెం ఉంది. దాన్ని వంగి మెట్టు మీద పెట్టి, అప్పుడు రెండు చేతులూ జోడించాడు.

"తప్పయిపోయింది సార్. చిన్నపిల్ల. కంప్యూటర్‌కు ఏం కావాలన్నా నేను తెచ్చిస్తా."

గోడకు చెప్తున్నట్టే చెప్పాడు. నస్రీన్ మెట్టు మీది పళ్ళెం వైపు చూసింది. అన్నం సగం కూడా తినలేదు.

*

మర్నాడు అబ్దుల్ ఘనీ సారు ఆ పెట్టెను కారు ముందు సీట్లో కూర్చోబెట్టి, బెల్టు పెట్టి, ఫారూఖ్ అనే హైదరాబాదతని కంప్యూటర్ షాపుకు తీసుకుపోయారు. సాయంత్రం తిరిగొచ్చినప్పుడు నస్రీన్ మెట్లు ఊడుస్తోంది. ఆమె చీపురు పక్కనపెట్టి తలుపు పట్టుకుంది. ఆయన పెట్టె మోస్తూ లోపలికి పోయి, మునుపున్న చోటే పెట్టి, తీసిన వైరు తీసిన చోటే తగిలించారు.

"బేగం, ఏం లేదంట. ఫారూఖ్ షాపులో పెట్టంగనే నడిచింది. గంటసేపు నడిచింది. పాటలు గూడ విన్నం."

బటన్ నొక్కారు. గిర్రుమంది. ఆగింది.

ఆయన నుదురు తుడుచుకున్నారు. ఆయన చెడ్డవాడు కాదు. కంపెనీలో పీరయ్య లీవు కాగితాలు, ఇఖామా అనే నివాస అనుమతి కాగితాలు ఆయన చేతిమీదుగానే పోతాయి. ఏనాడూ ఆపలేదు. కానీ భార్య ముందు గొంతు పెంచడం ఆయనకు రాదు.

"అక్కడ నడుస్తది, ఇక్కడ నడవదు" అంది మేరాజ్ బేగం. దుపట్టా కొంగు వేలికి చుట్టుకుంటూ తలుపు దగ్గరున్న నస్రీన్ వైపు చూసింది. "మరి తేడా ఎవరిది? ఇంట్ల ఎవరి చెయ్యో మంచిది కాదు."

"పవర్ సప్లై వీకయిందేమో, ఒక్కోసారి అట్ల చేస్తది అన్నడు ఫారూఖ్. పాత మోడల్, తన దగ్గర లేదంట. రియాద్‌ల దొరుకుతదంట."

"పీరయ్య రేపు రియాద్ లోడుకు పోతున్నడు గదా. తెస్తనన్నడు, తెస్తడు."

ఆయన తల ఊపి లోపలికి పోయారు. మేరాజ్ బేగం తలుపు దగ్గరికొచ్చి నస్రీన్‌తో మెల్లగా, మంచి మాట చెప్తున్నట్టు అంది: "చూడు, నేను రాక్షసిని కాదు. కంప్యూటర్ బాగయినంక వచ్చి, పాప ముందర, నా ముందర మాఫీ అడుగు. 'నా వల్లనే అయింది ఆంటీ' అను. నీ క్లాసు నీకుంటది. అప్పటిదాంక రాకు."

నస్రీన్ చీపురు తీసుకుని మిగిలిన మెట్లు ఊడ్చింది. ఊడ్చిన మెట్టునే మళ్ళీ ఊడ్చింది.

*

చెంచులక్ష్మి వీధి చివర చెత్తడబ్బా దగ్గర కనబడింది. సౌదీ వాళ్ళింటి చెత్తసంచులు రెండు చేతులా మోసుకొచ్చి డబ్బాలోకి విసిరేసి, నడుం పట్టుకుని నిలబడింది. ఒంటి మీది నల్ల అబాయా అంచుకు పిండి అంటుకుని ఉంది.

"రిజ్వానమ్మ చెప్పింది. మేరాజమ్మ నిన్ను మాఫీ అడగమందంట గదా. అడిగెయ్యి అమ్మీ. ఒక్క మాట. పోయేదేముండాది?"

"నేను చెయ్యల్యా అక్కా."

"చెయ్యకపోతే అనగూడదా? నేను దినానికి ఎన్నితూర్లంటానో తెలుసునా. అన్నం మాడితే మాలిష్ మామా, మన్నించు మేడమ్ అని. పిల్లోడు పడితే మాలిష్ మామా. వాళ్ళ పిల్లి అలిగినా మాలిష్ మామానే." చెంచులక్ష్మి నవ్వింది. "చేసినదానికంటే చెయ్యనిదానికే ఎక్కువ అంటాం. నాలుకకేం నొప్పి."

"నీకు నొప్పి లేదా?"

చెంచులక్ష్మి నవ్వు ఆపింది. ఖాళీ చేతుల్ని అబాయాకు తుడుచుకుంది. "మా మామా తలుపు దగ్గర నిలబడుకోనుంటాది" అని గబగబా వెళ్ళిపోయింది.

మేడమీది గదిలో నాయన మర్నాటి ప్రయాణానికి సర్దుకుంటున్నాడు. కంపెనీ యూనిఫాం చొక్కా మంచం మీద పరిచి ఉంది. నస్రీన్ ఊరి నుంచి అమ్మ తెచ్చిన ఇస్త్రీపెట్టె ప్లగ్గు పెట్టి, చొక్కా మీద నీళ్ళు చిలకరించింది.

"నాయనా. నేను చెయ్యల్యా."

"తెలుసు."

పెట్టె ఆమె చేతిలో ఆగింది. "తెలిసీ తప్పయిపోయిందన్నావా?"

"అనేస్తే అయిపోతాది గదా పాపా. పెద్దోళ్ళ ఇంట్లో నలుగురుండారు. మాట పెరిగితే రేపు నీకే ఇబ్బంది. మన కాగితాలన్నీ ఆయన చేతిలో ఉండాయి." సంచిలో నీళ్ళ సీసా పెట్టుకుంటూ అన్నాడు. ఆమె వైపు చూడలేదు. "నాకలవాటే."

'నాకలవాటే' అన్న మాట దగ్గర నస్రీన్‌కు కళ్ళు మండాయి. ఏడుపు కాదు. ఇస్త్రీపెట్టెను చొక్కా కాలరు మీద పెట్టి బలమంతా పెట్టి నొక్కింది. ముడత పోలేదు. అరచేయి ఆనించి చూసింది. గోరువెచ్చగా ఉంది. అరచేయి కాలకుండా పెట్టుకోవచ్చు.

"ఎంతసేపు పెట్టినా ఇంతే" అంది విసుగ్గా.

"ఊరి పెట్టెకు ఈడి కరెంటు సాలదు పాపా. ఈ గదిలో అంతా నూటపది వోల్టులే. ఇండియా సామానుకు రెండొందల ఇరవై కావాల. కింద సార్ వాళ్ళకయితే రెండు రకాలూ ఉండాయి. పాత బిల్డింగుల్లో అంతే." చొక్కా తీసుకుని దులిపి తొడుక్కున్నాడు. "మేడమ్ మొదట్లో హైదరాబాద్ మిక్సీని నూటపదిలో పెట్టి, తిరగలేదని నన్ను పిలిపిచ్చింది. మిక్సీ మూలిగి మూలిగి పడుకుంది. ఆపొద్దే గోళ్ళరంగు తెచ్చి, రెండొందల ఇరవై ఉన్న ప్లగ్గులకంతా ఎర్రచుక్క పెట్టుకునింది."

నస్రీన్ ఇస్త్రీపెట్టెను నిలబెట్టింది.

ఎర్రచుక్క ఆమెకు తెలుసు. క్లాసు మొదలయ్యేలోపు కంప్యూటర్ లేచేదాకా కాచుకుని కూర్చున్నప్పుడు, కళ్ళు బల్ల వెనకాల కిటికీ కింది ప్లగ్గు మీద పడేవి. దాని మూల మీద చిన్న ఎర్రచుక్క, కొంచెం కారి ఎండిపోయింది. అదెందుకుందో ఎప్పుడూ అడగలేదు. నిన్న ఆ మూలంతా గోడ రంగే ఉంది. రంగువాళ్ళు ప్లగ్గు పెట్టెల మీద కూడా లాగేశారు. ఆ ప్లగ్గుకు మిక్సీ ఉంది. దావతు అయిపోయినా అక్కడే ఉంది. సారు కంప్యూటర్ వైరు తగిలించింది ఇటు పక్కదానికి, తలుపు పక్క గోడదానికి. షాపులో రెండొందల ఇరవై ఉండి ఉంటుంది, అందుకే అక్కడ నడిచింది.

"ఏంది పాపా?"

"ఏం లేదు" అంది. నాయన కాలరు సరిచేసింది. ముడత అలాగే ఉంది.

*

పీరయ్య తిరిగొచ్చే రోజు మధ్యాహ్నం, మూడు కావస్తుండగా, నస్రీన్ కిందికి దిగి తలుపు కొట్టింది. తలుపు మేరాజ్ బేగమే తీసింది. లోపల రిజ్వానా తన ఓవెన్‌కు అంటిన జిడ్డు గీకుతూ కూర్చుని ఉంది, తీసుకుపోవడానికి వచ్చింది. షబ్నమ్ నేల మీద బొమ్మలు వేసుకుంటోంది.

"మాఫీ అడగనీకి వచ్చినవా? కంప్యూటర్ ఇంక బాగు కాలే గదా."

నస్రీన్ కాదని తల ఊపింది. తర్వాత నోరు తెరిచింది. "ప్లగ్గు చూడాల ఆంటీ."

"ఏం ప్లగ్గు?"

"కిటికీ కింది ప్లగ్గు."

మేరాజ్ బేగం వద్దనేలోపే ఆమె చెప్పులు విడిచి, బల్ల కింద దూరింది. వైర్ల మీద దుమ్ము, రంగు పొడి. కిటికీ కింద మిక్సీ ప్లగ్గు పీకింది. సాకెట్టు మూల మీద బొటనవేలి గోరుతో గీకింది. వెల్లుల్లి మంట ఇంకా తగ్గని గోరది. లేత ఆకుపచ్చ రంగు పొరలాగా లేచింది. ఇంకొంచెం గీకింది. ఎర్రగా, కొంచెం కారి ఎండిన చుక్క బయటికొచ్చింది.

తలుపు పక్క గోడ దగ్గరికి పాక్కుంటూ పోయి కంప్యూటర్ వైరు తీసింది. ఆ సాకెట్టు మూల గీకింది. కింద తెలుపే ఉంది. చుక్క లేదు. వైరు లాగి కిటికీ కింద తగిలించింది.

"షబ్నమ్, నొక్కు."

షబ్నమ్ లేచి నొక్కింది. ఫ్యాను గిర్రుమంది. ఆగలేదు. పచ్చ దీపం ఆరలేదు. తెర నల్లబడి, చిన్న చుక్కలు గుండ్రంగా తిరిగి, షబ్నమ్ పుట్టినరోజు ఫోటో వచ్చింది. షబ్నమ్ చప్పట్లు కొట్టి దూకింది. "అమ్మీ! వచ్చింది! నాయనమ్మకు చేద్దాం!"

రిజ్వానా ఓవెన్ వదిలేసి దగ్గరికొచ్చింది. కిందకు వంగి ఎర్రచుక్కను చూసి, పెద్దగా నవ్వేసింది.

"యా అల్లా! ఆపా, ఇది నీ చుక్కే గదా! దావత్ రోజు చట్నీకని మిక్సీ ఇక్కడ పెట్టినవ్ చూడు, కంప్యూటర్ వైరు పీకి అటు పెట్టింది నువ్వే. నేనే గదా పుదీనా పట్టుకుని నిలబడ్డ. పాపం, రియాద్ దాంక పంపినవ్ పీరయ్యను!"

రిజ్వానా నవ్వు మెల్లగా చిన్నదై, ఆగిపోయింది. మళ్ళీ ఓవెన్ దగ్గరికి పోయి జిడ్డు గీకడం మొదలుపెట్టింది.

మేరాజ్ బేగం దుపట్టా సర్దుకుంది. ఒకసారి సర్దుకున్నదాన్నే మళ్ళీ సర్దుకుంది. "రంగువాళ్ళ పనే ఇదంతా. చుక్క మీద పూసిపోయిన్రు. చుక్కుంటే నేను పీకుదునా?" అంది. నస్రీన్ వైపు తిరిగి, గొంతు తేలిక చేసుకుంది. "సరే, అయిందేదో అయింది. నడుస్తుంది గదా. మూడయింది, కూర్చో, క్లాసు విను. వచ్చే వారం నుంచి ఉల్లిగడ్డలు కొయ్యకున్నా ఏం లేదు."

కంప్యూటర్ ముందు కుర్చీ ఖాళీగా ఉంది. షబ్నమ్ దాన్ని నస్రీన్ వైపు తోసింది. తెర మీద గడియారంలో మూడు దాటుతోంది. ఇప్పుడు కూర్చుంటే లెక్కల క్లాసు సగమైనా దొరుకుతుంది.

నస్రీన్ మోకాళ్ళకంటిన రంగు పొడి దులుపుకుంది. షబ్నమ్ తల నిమిరింది. తలుపు దాటి బయటికొచ్చి చెప్పులేసుకుంది. వేసుకున్నాక, వెనక్కి తిరిగింది.

కింద మెట్ల మీద బూట్ల చప్పుడు. నాయన చప్పుడే. రియాద్ ఎండకు మొహం నల్లబడి, చంకలో అట్టపెట్టెతో పైకొస్తున్నాడు. తలుపు తీసి ఉందని చూసి, ఆఖరి మెట్టు దగ్గర గోడ వైపు తిరిగి నిలబడిపోయాడు. వంగి పెట్టెను గుమ్మం పక్కన పెట్టాడు.

"మా నాయన తప్పయిపోయిందన్నాడు ఆంటీ" అంది నస్రీన్. "అందరి ముందరా అన్నాడు."

"అయితే?"

"తప్పు ఆయనది కాదు. నాదీ కాదు. ఆ మాట మీరే ఆయనకు చెప్పాల. సారు ముందర, రిజ్వానా ఆంటీ ముందర చెప్పాల."

మేరాజ్ బేగం మొహంలో రంగు మారింది. "నేను? డ్రైవరుకు? ఎవరితో మాట్లాడుతున్నవో తెలుసా?"

"మీతోనే ఆంటీ."

"పీరయ్యా!" గుమ్మంలోకొచ్చి అందామె, గోడ వైపున్న అతని వీపుతో. "వింటున్నవా నీ బిడ్డ మాటలు? మూగపిల్లని అనుకుంటిమి. బుద్ధి చెప్పుకో. లేకుంటే రేపటినుంచి మా గడప తొక్కొద్దు. ఆ క్లాసూ లేదు, ఏమీ లేదు."

పీరయ్య చేతులు లేచాయి. అలవాటుగా, ఒకదాన్నొకటి వెతుక్కుంటూ, ఛాతీ దాకా వచ్చాయి. నస్రీన్ అతని వైపు చూడలేదు. చూస్తే బతిమాలినట్టవుతుందని మేరాజ్ బేగం మొహం మీదనే కళ్ళు నిలిపింది. హాల్లో కంప్యూటర్ ఫ్యాను గిర్రుమని తిరుగుతూనే ఉంది. బయటిదాకా వినబడుతోంది. పీరయ్య కూడా విన్నాడు. చేతులు ఛాతీ దగ్గర కాసేపున్నాయి. కలవలేదు.

అతను వంగాడు. గుమ్మం పక్కన పెట్టిన అట్టపెట్టెను తీసి మళ్ళీ చంకలో పెట్టుకున్నాడు.

"ఇది ఇంక అక్కరలేదు గదా మేడమ్" అన్నాడు గోడతోనే. "వాపసు ఇచ్చేస్తా."

రావాల్సిన ఆ ఒక్క మాట కోసం మేరాజ్ బేగం కాచుకుని నిలబడింది. అది రాలేదు.

"చివరిసారి అడుగుతున్న" అంది నస్రీన్‌తో. "వస్తవా, రావా?"

"వస్తా ఆంటీ. మీరు చెప్పినాక వస్తా."

నస్రీన్ కళ్ళు దించలేదు. ఆమె మొహం మీదే తలుపు ధడేల్‌మని పడింది.